జొన్నల చుట్టూ బండలు

2003. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, కొత్తగా వెడల్పు చేసిన రోడ్డు మీద సగం మేర జొన్నలు ఆరబోసి ఉన్నాయి. పక్కన చీపురుతో ఒక అవ్వ. జీపు దిగి ఇంజనీరు వచ్చాడు.

“ఈ బేతంచెర్ల బండ ముక్కలు చుట్టూ పెట్టింది ఎవరవ్వా?”

“నేనే సారూ. జొన్నల మీదికి బండ్లు ఎక్కకుండా పెట్టినా. రాత్రి మా తమ్ముని కొడుకే మోటార్‌సైకిల్ మీద వచ్చి వాటికి తగిలి పడినాడు. కాలిరిగింది. నా చేతులు పడిపోను!”

“అట్లనకవ్వా.”

“పోలీసోళ్లకు చెప్తావా?”

“నేను పోలీసును కాదు. రోడ్డు నక్షా గీసేటప్పుడూ, రోడ్డు వేసేటప్పుడూ, రేపు ఈడ ఎవరికీ దెబ్బ తగలకుండా చూసేది నా పని. అయినా రోడ్డు మీద ఎందుకు ఆరబోస్తాండారు? మీకు కళ్లం లేదా?”

“ఎందుకు లేదు? ఊరందరికీ ఒకటే కళ్లం ఉండె. రోడ్డు ఎడల్పు చేస్తిరి గదా, దాంట్లో పాయె. నువ్వు నిలబడిండేది ఆడనే.”

ఇంజనీరు గబుక్కున పక్కకు జరిగాడు.

“మీ నక్షాలో మా కళ్లం లేకుండెనా సారూ?”

“ఉండె అవ్వా. ఖాళీ జాగా అని రాసుండె. నేనూ అట్లే అనుకుంటి.”