ఏడుపు టీచర్ సెలవు పెట్టిన రోజు

హలో… ఆ, నేనే. ఎవరూ?

…

ఓహో, డాక్టరు బాబూ! చెంప చల్లారిందా?

…

ఆగు. ఆ మాట ఇంకోసారి అన్నావంటే రెండో చెంప కూడా వాయిస్తాను. 'మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా' అట! ఏం అర్థమైంది, నా తలకాయ? ఆ మాట మీ బ్యాచ్ మొత్తానికి నేర్పింది ఎవరు? నేనే కదూ! నాటకాలు మానేసి మీ కాలేజీలో చేరి, పేషెంటు పెళ్ళాం వేషం కట్టి, చెడ్డ కబురు ఎలా చెబుతారో చూడ్డానికి మీ ముందు ఏడ్చి ఏడ్చి మార్కులేస్తున్నాను. ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా నేనే చెప్పాను, ఖర్మ!

…

అరుస్తున్నానా? అరుస్తాను. మెట్ల మీదున్నాను, వినేవాళ్ళు విననీ.

…

తప్పేం చేశావా? పొద్దున వార్డు బయట నిలబడ్డదాన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళావు. కుర్చీ వేశావు, నీళ్ళిచ్చావు. 'మీవారి కడుపులో ఉన్నది క్యాన్సరేనమ్మా' అన్నావు. నేను కుప్పకూలిపోయాను. అంతవరకూ బాగానే చెప్పావు, కాదనను. ఆ తర్వాత? చెప్పు, ఆ తర్వాత ఏమన్నావు?

…

నన్నే చెప్పమంటావా? పళ్ళికిలించి, 'ఈసారి ఎన్ని మార్కులేస్తారాంటీ' అన్నావు! నా కళ్ళు ఇంకా తడారలేదురా! మొగుడు దక్కడని విని ఏడుస్తున్నదాన్ని మార్కులడుగుతావా? పోయినసారి నేను ఏడుస్తుంటే గడియారం చూశావని ఫెయిల్ చేశాను, ఆ కక్ష తీర్చుకున్నావా?

…

ఏంటీ?

…

పరీక్షనుకున్నావా?

…

ఏ పరీక్షయ్యా? నేను సెలవులో ఉన్నాను. మా ఆయన్ని ఇక్కడ చేర్పించామని మీ మేడమ్‌కి చెప్పే పెట్టాను. మీతో అనలేదూ?… అనలేదు. మీ పరీక్షలు పెట్టే ఆ పక్క గది ముందు నేను కనబడేసరికి ఏడుపు టీచర్ ఇవాళ కూడా వేషం కట్టుకొచ్చిందనుకున్నావు. నాకు తెలుసులే, మీరంతా నన్నలాగే పిలుస్తారు.

మరి చెంపదెబ్బో?

…

అదీ వేషమేననుకున్నావా? కోపిష్ఠి బంధువు పాత్రా? ఓరి నీ తెలివి తగలెయ్య! దెబ్బ తిని 'థాంక్యూ ఆంటీ' అంటాడేంటి వీడు అనుకున్నాను!

…

నవ్వు కాదిది, ఒళ్ళు మండుతోంది.

ఉండు. ఉండుండు. అయితే నువ్వు చెప్పింది… మా ఆయన రిపోర్టు కాదా?

…

నేను ఏటా మీ దగ్గర ఏడ్చే కేసేనా? నా కేసే నాకు అప్పజెప్పావా! నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది, నాకైనా తట్టలేదు చూడు!

ఒరేయ్, పొద్దుట్నించి ఆయన మంచం దగ్గరికి వెళ్ళలేదురా నేను. అడిగినప్పుడల్లా కన్నీళ్ళు తెచ్చుకునేదాన్ని, ఆయన ముందు మామూలు మొహం పెట్టడం చేతకాక ఇక్కడ కూలబడ్డాను. 'మా ఆవిడేదీ' అని నర్సమ్మని రెండుసార్లు పంపాడు. మా అమ్మాయికి ఫోన్ చేసి ఘొల్లుమన్నాను. అది పని మధ్యలో వదిలేసి బస్సెక్కేసింది. అంతా నీ పాడు మార్కుల కోసం!

హమ్మయ్య. పోనీలే, పీడ వదిలింది. పిల్లని వెనక్కి వెళ్ళిపొమ్మంటాను. ఆయన భోజనం కూడా చేసుండడు, నేను లేకపోతే ముద్ద దిగదు. నిన్ను మాత్రం వదిలేది లేదు. మీ మేడమ్ ముందు నిలబెట్టి కడిగేస్తాను. వింటున్నావా?

…

ఏం మాట్లాడవేం?

…

అవునూ, అది పరీక్ష కాదని నీకెలా తెలిసింది?

…

వార్డులో అడిగావా? మా ఆయన పేరు చెప్పారా? చెబితే?

…

రిపోర్టు వచ్చిందా?

…

వద్దు! చెప్పకు. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదని మొదటి రోజే చెప్పానా లేదా?

…

మంచి కబురైతే నేను తిడుతుంటే మధ్యలో అడ్డొచ్చి కేకేసేవాడివి. ఇంతసేపు నోర్మూసుకుని తిట్లన్నీ తిన్నావు.

…

ఏడవకు. ఏడవాల్సింది నేను. ఏడవకురా అంటే!

…

పెద్ద డాక్టరు చెప్తాడా? ఆయన ఎప్పుడొస్తాడు?… సాయంత్రం దాకా రాడా? అప్పటిదాకా నేనిలా గోడలు చూస్తూ కూర్చోవాలా? ఆయనకేం, వచ్చి నిలబడి రెండు ముక్కలు చెప్పి పోతాడు!

నువ్వెక్కడున్నావు?

…

పై అంతస్తులోనే కదా, దిగిరా.

…

ఏమనాలో తెలియకపోతే ఏమీ అనకు. కాసేపు నా దగ్గర కూర్చో. ఆ తర్వాత ఇద్దరం కలిసి మా ఆయన దగ్గరికి వెళ్దాం. నేనొక్కదాన్నీ వెళ్ళలేను, నా మొహం చూస్తే కనిపెట్టేస్తాడు.

…

భయమా? నాకు లేదా? రా.

…

చెప్పుల చప్పుడు వినిపిస్తోంది… ఆ, నువ్వే. అయ్యో, చెంప వాచిందిరా!

…

ఎదురుగా నిలబడకు. ఇదిగో, జరిగాను. ఈ మెట్టు మీదే కూర్చో.

…

పక్కనే ఉన్నానుగా, ఇంకా ఫోనెందుకు? పెట్టెయ్యి.