ఆదివారం జోడీపాట

"మీ ఆయన నాకు అన్న లెక్క, ప్రమీలా. నువ్వు అడగకముందే చెప్తున్న."

"నేను గా మాట అడగనీకి రాలేదక్కా."

"మరి ఎర్రటి ఎండల పని ఇడిసిపెట్టి ఏంటికొచ్చినవ్? పక్కింటి వినోద ఏమన్న చెప్పిందా?"

"వినోద ఎప్పుడు ఏదో ఒకటి చెప్తనే ఉంటది."

"గదే. గామె నోరు నాకెరుకే."

సూరత్‌లోని ఉన్ అనే పేటలో ఒంటిగది ఇల్లు అది. హారతి చాప మీద కూర్చుని చీర అంచుకు రాళ్లు అతికిస్తోంది. భర్త రవీంద్ర పాండేసరలోని బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లుకు పోయాడు. గడప దగ్గర నిలబడ్డ ప్రమీల, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే రాంప్రసాద్ భార్య. ఏడాదిగా ప్రతి ఆదివారం తెలుగు సంఘం హాల్లో రాంప్రసాద్, హారతి కరోకే పెట్టుకుని జంటపాటలు పాడుతున్నారు. సూరత్‌లో మనవాళ్లున్న గల్లీలన్నింటా ఆ జోడీకి పేరొచ్చింది. వాళ్లు పాడుతుంటే ముందు వరుసలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీయడం ప్రమీల పని. ఇన్నాళ్లూ మింగుతూ వచ్చిన మాటను ఈ రోజు కక్కేయాలనే ఆమె వచ్చింది.

"లోపలికి రా, కూసో. జర సూస్కొని. రాళ్లు కింద వడ్డయంటే మల్ల ఏరుకోవాలె."

"కూసుంటక్కా. నువ్వు పని చేసుకో."

"నువ్వు గట్ల ముఖం వెట్టుకొని కూసుంటే పని ఏడ సాగుతది? సూటిగ అడుగు."

"అడుగుత. నీకు పాట గింత మంచిగ ఎట్ల అచ్చింది?"

"ఏంది?"

"పాటక్కా. మొదట్ల నీకు రాకపోతుండె గద."

"రాకపోతుండె. అందరు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవ్, నేను సూసిన."

"నవ్విన. అబద్ధమెందుకు. మ్యూజిక్ ఆగిపోయినంక గూడ నీకు ఇంకో లైను మిగిలె. గిప్పుడు నువ్వు మైకు వడితె హాలంత సప్పుడు బందయితది. నడుమ ఏమైంది?"

"ఏమైతది. పాడంగ పాడంగ అచ్చింది."

"ఊకెనే రాదక్కా. చెప్పరాదు."

"మీ ఆయన నేర్పిండు అనుకుంటున్నవా?"

"ఆయన ఎవలికి ఏం నేర్పడు. గది నాకు తెల్వదా?"

"మరి ఇను. నేనే నేర్చుకున్న. మొదట్ల తెర మీద అచ్చరం రంగు మారినంక పాడుతుంటి. గట్లయితె ఎప్పుడు ఎనకనే ఉంటవ్. రంగు మారకముందే మాట నోట్లె తయారుండాలె. అసలు తెరను సూడొద్దు. పాట మొత్తం నోటికి రావాలె. తెర ఉన్నది ఎప్పుడన్న మర్శిపోతె ఆసరకు."

"ఇంకా?"

"ఇంకా ఏంది, పరీక్ష రాస్తవా?"

ఒకసారి మొదలుపెట్టాక హారతి తనకు తానే ఆగలేకపోయింది. తన పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని మొదటిసారి విన్న రోజు సిగ్గుతో చచ్చిపోయానని చెప్పింది. శ్రుతి అందనప్పుడు గొంతు చించుకోవడం కాదు, ట్రాకునే కిందికి దించుకోవాలని చెప్పింది. మైకును పెదాలకు ఆనించకుండా గడ్డానికి కాస్త ఎడంగా పట్టాలనీ, పాట మధ్యలో మ్యూజిక్ ఒక్కటే నడిచేటప్పుడు దిక్కులు చూడకుండా ఎదుటివాళ్ల ముఖాలు చూడాలనీ చెప్పింది. ప్రమీల తల ఊపుతూ విన్నది. వాటిలో చాలా సంగతులు ఆమెకు కొత్తవి కావు.

"అన్ని చెప్పినవ్ గని, మీరు జోడీగ పాడే వానపాట రెండో చరణంల ఊపిరి తప్పుతున్నవక్కా."

"నేనా?"

"ఒక మాటను నడుమల ఇరగ్గొట్టి ఊపిరి వీలుస్తవ్. ఎవలు కనుక్కోరు. నేను కనుక్కుంట. ఆయన పాళీ డ్యూటీకి పోయినంక మీ వీడియోలే వెట్టుకొని ఇంట."

"గన్నిసార్లు ఇనుడెందుకే?"

"కండ్లు మండుతయి గావట్టి."

"ఇగో, అచ్చింది బయటికి."

"ఔ. మండుతయి. లేదంటలేను. ఆయన లైను అయిపోతుంటే నువ్వు అందుకుంటవ్ సూడు, గప్పుడు చేతుల ఫోను పక్కకు ఇసిరెయ్యబుద్ధయితది. జనం చప్పట్లు కొడుతరు, నేను గూడ కొడుత. ఇంటికి పోయినంక బుక్క దిగది. ఆయన కూరల ఉప్పెక్కువైంది అన్న పాపానికి ఒకనాడు గిన్నె ఇసిరేసిన."

"నా మీది కోపం ఆయన మీద తీస్తున్నవా? ప్రమీలా, నీ చేతులు వట్టుకుంట. మా ఇద్దరి నడుమ పాట తప్ప ఇంకేం లేదు."

"నాకెరుకే."

"ఎరుకైతే మరి?"

"నేను గూడ పాట గురించే అంటున్న."

"ఆగాగు. నువ్వు గూడ పాడుతవా?"

"నేనా?"

"నిన్నే. పాడుతవా?"

"నీళ్ల మోటరు నడిచేటప్పుడు పాడుత. గా సప్పుడుల ఎవలికి ఇనవడదు."

"ఆయనకు చెప్పలేదా?"

"నువ్వింకా సంఘానికి రాకముందే చెప్పిన. నాకు గూడ జర మైకు ఇప్పియ్యమన్న. నలుగుట్ల నవ్వులపాలు చేస్తవా, నిమ్మళంగ కూసో అన్నడు. వీడియో మంచిగ తియ్యి, చెయ్యి వణుకనియ్యకు అన్నడు. గంతే. మల్ల అడగలేదు."

"గింత కథ ఉంటే నాతోటి ఒక్క మాట అనకపోతివి. ఇగో, మైకు వట్టుకో. వానపాట వెడుత. ఆడ లైన్లు నువ్వు పాడు."

"ఇప్పుడా? పక్కింటోళ్లు ఇంటరక్కా."

"ఇననీ. తలుపు దగ్గరికేస్త."

హారతి రాళ్ల డబ్బా పక్కకు జరిపి, చిన్న స్పీకరుకు ఫోన్ కలిపింది. ప్రమీల పల్లవి బాగానే ఎత్తుకుంది కానీ, పాట పైకి పోయేసరికి గొంతు జీరపోయింది. చరణం సగంలోనే మైకు దించేసింది.

"ఏం కాదు. ట్రాకు జర కిందికి దించుదం. నీకు శ్రుతి ఉన్నది, అందుకుంటలేవు గంతే. పాడంగ పాడంగ అస్తది."

"రాదక్కా. ఈ లైన్లు నాయి కావు."

"మరి ఏవి నీయి?"

"మల్ల మొదటి సంది వెట్టు. ఈపారి ఆడ లైన్లు నువ్వే పాడు."

ట్రాకు మళ్లీ మొదలైంది. హారతి తన పల్లవి పాడి ఆగింది. రాంప్రసాద్ అందుకునే చోట ప్రమీల అందుకుంది. గొంతు అడుగు నుంచి, బరువుగా, ఎక్కడా వణుకు లేకుండా వచ్చింది. ఆమె ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు. హారతి ముఖమే చూస్తూ పాడింది. రెండో చరణం దగ్గరికి వచ్చినప్పుడు తన లైను చివరి అక్షరాన్ని ఇంకాస్త సాగదీసి పట్టుకుంది. ఆ సందులో హారతి నిండుగా ఊపిరి తీసుకుంది. మాట విరగలేదు. పాట అయిపోయాక హారతి ప్రమీల ముఖం చూడకుండానే స్పీకరు ఆపింది.

"ఏడ దాసినవే గా గొంతు?"

"దీన్ని మగ గొంతు అంటడు ఆయన. నిజమే గావచ్చు. పైకి పోదు. కిందికి ఎంత పొమ్మంటె గంత పోతది."

"గా అచ్చరం గట్ల సాగదీసుడు ఎవరు చెప్పిన్రు? ట్రాకుల గట్ల లేదు గద."

"నీకు ఊపిరి అందాలె గద. ఆయనకు గది తెల్వది. తన లైను అయిపోతె చాలు, జనం దిక్కు సూస్తడు."

"నిజమే. సూస్తడు."

"మొన్న డుమస్ బీచికి పోయినప్పుడు బజ్జీల బండి కాడ స్పీకరు వెట్టి పాడిన్రు, యాదికున్నదా? జనం జమైన్రు. నడుమల ఆయన లైను మర్శిపోయిండు."

"యాదికే. నేనే గది గూడ పాడి దాటేసిన."

"నేను సంచులు వట్టుకొని నీ ఎనకనే నిలవడ్డ. గా లైను నా నోట్లెనే ఉండె అక్కా. నోరు తెరిస్తె అయిపోతుండె. గని తెరవలేదు. దారి పొడుగూత దాన్ని లోపల్నే పాడుకుంట ఇంటికొచ్చిన."

"మొగని లైన్లు గూడ నోటికి వట్టినవంటే ఎంత ప్రేమ, ఎంత పావురమే నీకు ఆయన మీద. గింత పావురం వెట్టుకొని, ఏడాది సంది మా ఇద్దరిని ఎదురుంగ కూసుండవెట్టుకొని ఎట్ల సూసినవే?"

"అక్కా..."

"నన్ను చెప్పనీ. ఈ ఆదివారం సంఘం పండుగల నేను పాడ. గొంతు పోయిందని చెప్త. ట్రాకు నీకు సరిపోయేటట్టు దించుదం, ఆడ లైన్లు కూసుండవెట్టి నేర్పుత. నా జాగల నువ్వు నిలవడు. మీ ఆయన పక్కపొంటి."

"నీకు ఇష్టమేనా, పాట ఇడుసుడు?"

"ఎట్ల ఇష్టమైతది? పొద్దుగాల సంది రాత్రి దాక ఈ రాళ్లే అతుకుత. ఆదివారం గా కొంచెంసేపే నేను మనిషి లెక్క ఉంటున్న. అయినా నీ సంసారం కంటె ఎక్కువనా? సంతోషంగనే ఇడుస్త."

"నువ్వు మొత్తం ఉల్టా అనుకున్నవక్కా."

"ఏంది ఉల్టా? నా మీద కుళ్లు ఉన్నదని నువ్వే అంటివి గద."

"నీ మీద అనలేదు. నాకు కుళ్లు ఆయన మీద. నీ పక్కపొంటి నిలవడి పాడేది ఆయన గద. నీ జాగ నాకెందుకు? నాకు ఆయన జాగ గావాలె."