శ్రీ బాలశౌరి గారి నాలుగో నియమం

1936వ సంవత్సరం జూన్ ఎనిమిదో తేదీన శ్రీ బాలశౌరి గారు సముద్రతీరాన చేపల శాఖలో గుమాస్తాగా చేరినారు. ఏ నీటిలో చేప గుడ్లు పెడుతుంది, ఎంత మేర వల నిషేధిస్తే దాని సంతతి నిలుస్తుంది అనే విచారణలో ఇరవై రెండేళ్లు గడిపి, ఇన్‌స్పెక్టరు హోదాలో మాచర్ల విచ్చేసినారు. ఐదో తరగతితో బడి మానిన నేను వారిని గురించి రాయడం సాహసమే. చేపల ఆఫీసు వలల షెడ్డులో వారి కింద ఆరేళ్లు పనిచేసిన చనువుతో రాస్తున్నాను.

కృష్ణలో వేటకు మూయవలసిన మడుగును ఎంచడానికి వారికి మూడు నియమాలుండేవి. నడివేసవిలోనూ నిలువు లోతు నీరుండాలి, అడుగున గులకరాళ్లుండాలి, తొలకరికి చేప ఎదురెక్కి అక్కడ గుడ్లు పెట్టాలి. 1959లో మా ఊరి తల్లి మడుగు విషయంలో మొదటి రెండూ స్వయంగా చూసినారు. మూడోదానికి మాత్రం పేరునే సాక్ష్యంగా తీసుకున్నారు. మడుగు మూతబడింది. మా ఇంటాయన వల చుట్టి పెట్టి ఆనకట్ట పనికి వెళ్లినారు. నాకు మూడు నెలల బిడ్డ, తిండి లేక పాలు పడలేదు.

బిడ్డనెత్తుకుని వెళ్లి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఏమి కావాలని వారే బయటికి వచ్చి అడిగినారు.

“తల్లి మడుగంటే చేపలకు తల్లి కాదయ్యా. కరువులో మగోళ్లు వలసబోతే ఆడోళ్లు గంపలతో చేపలు దేవుకొని పిల్లల్ని సాకిన మడుగు. గుడ్లు పెట్టేది పైన, రాళ్ల మలుపు కాడ” అన్నాను.

వెంట వచ్చిన మా అత్త దేవమ్మ నోరు మూసుకోమని మోచేత్తో పొడిచింది. వారు కోపగించలేదు. “ఊళ్లో ఎవర్నీ అడగలేదు తల్లీ. బోర్డు చదివినట్టు పేరు చదివి సంతకం పెట్టాను” అన్నారు.

తొలకరికి మోకాటిలోతు బురదలో మాతో నడిచి రాళ్ల మలుపు చూసినారు. దానిని మూసి, తల్లి మడుగు తెరిపించి, తన ఎంపిక తప్పని పై అధికారులకు రాసుకున్నారు. ఏ నీరు మూయాలన్నా దాని మీద ఎవరు బతుకుతున్నారో ముందు అక్కడి ఆడవాళ్లను అడగాలని నాలుగో నియమం చేర్చినారు. వారి ప్రమోషను అందువల్లనే ఆగిందని ఆఫీసులో అనుకుంటారు. వారి నోట నేను వినలేదు.

మడుగు తెరుచుకున్నా మా ఇంటాయన తిరిగి రాలేదు, జాబూ లేదు. నాకు షెడ్డులో పని ఇప్పించిన రోజున, “అదీ నా తప్పే సుందరమ్మా” అన్నారు. నేను చిరిగిన వల ఒడిలోకి లాక్కుని కుట్టడం మొదలుపెట్టాను.

మూసే మడుగుల జాబితా ఏటేటా తిరగరాస్తారు. శ్రీ బాలశౌరి గారు రిటైరవుతున్నారు గనుక ఈసారి రాసేది కొత్తవారు. వారూ మంచివారే అయి ఉంటారు, అయినా నాకు బెంగగానే ఉంది. శ్రీ బాలశౌరి గారికి, వారి సతీమణి గారికి ప్రభువు నిండు ఆరోగ్యమూ, నూరేళ్ల ఆయుష్షూ ప్రసాదించాలి. ‘అయ్యా, ఇది తప్పు’ అని భయపడకుండా చెప్పుకోదగిన మనిషి ఎక్కడో ఒకచోట చల్లగా ఉన్నారంటే, నాకు అదే ధైర్యం.

సుందరమ్మ, వలల షెడ్డు