సుడిగాలి జాడ

తొండూరు పక్కన, శనగ పీకేసిన చేలో గొర్రెలు మేస్తున్నాయి. కాలేజీ నుంచి నేరుగా చేనికే వచ్చిన నాగలత, అవ్వ ముఖం ముందు ఫోను పెట్టింది.

“నా మాటే నిలబడిందవ్వా! కుజుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం తీసిన ఫోటో ఇది. ఈ నల్ల గీతలు చూడు.”

“నెర్రెలు గదమ్మా. ఎండకు నేల పగిలినాది.”

“మా సారు గూడా అదే అన్న్యాడు. నేను సుడిగాలి పోయిన జాడలన్న్యా. క్లాసంతా నవ్వినారు.”

“సుడిగాలంటే దయ్యం గదమ్మా. మనిషే లేని తావున అది ఎవుర్ని పట్టుకోవాలని తిరుగుతాదే?”

“దయ్యం కాదవ్వా, గాలే. పైనుండే ఎర్రదుమ్ము లేపుకోని పోతే కింద నల్లనేల బయటపడతాది. ఈ పొద్దు అదే చోటుది కొత్త ఫోటో వచ్చినాది. పాత గీతలు మాసిపోయి, వేరే పక్క కొత్తవి పడినాయి. నెర్రెలు యాడన్నా జాగా మారతాయా?”

“యాడ మారతాయి!”

“సారే అందరి ముందర, ‘నువ్వే గెలిచినావమ్మా’ అన్న్యాడు. ఈ సంగతి కాలేజీ పత్రికలో నా పేరుతోనే అచ్చేస్తారంట!”

అంతలో చేను నడుమ దుమ్ము గిర్రున లేచింది. సుడిగాలి కనబడితే చెప్పు చూపించి దయ్యాన్ని తరమడం అవ్వకు చిన్ననాటి అలవాటు. ఇప్పుడూ చెప్పు చేతికొచ్చేసింది.

“మళ్లీ చెప్పు చూపిస్తాండావా అవ్వా?”

అవ్వ చెప్పును కింద పడేసి కాలికి తొడుక్కుంది. గొర్రెలను అదిలించి, సుడిగాలికి దారి వదిలింది.

“రాప్పా, రా! శానా గట్టిగా గీసి పో. సదివేదానికి మా నాగలత ఉండాది!”