గొట్టంలో గోనెగుడ్డ

చోడవరం పంచాయతీ బోర్డువారు ఆ ఇంట్లో పొగలేని పొయ్యి కట్టించి వారమైంది. అయినా వంటిల్లంతా పొగే. అత్త పొగగొట్టంలో చెయ్యిపెట్టి గోనెగుడ్డ బయటికి లాగి కోడలికి చూపించింది.

"ఇది కుక్కిందెవులే?"

"నేనే అత్తా."

"కడుపుతో ఉన్నదానివి దగ్గి సస్తన్నావని పెసిడెంటు గుమ్మం సుట్టూ తిరిగి కట్టించేనే ఈ పొయ్యి! మళ్ళీ పొగెందుకే?"

"పైన ఉట్టిలో నీ సిక్కుడు గింజలున్నాయి కదా. పొగ తగలకపోతే పురుగు పట్టేస్తాది."

"పడితే పట్టనీ!"

"మీయమ్మ ఇచ్చిన విత్తనమని రోజూ సెప్తావు కదత్తా."

అత్త గోనెగుడ్డని పెరట్లోకి విసిరేసింది.

"ఆ ఉట్టి దించు. బూడిద కలిపి కుండలో దాస్తాను."

"అప్పుడూ పురుగు పడితే?"

"సిక్కుడుకాయ తినడం మానేద్దుం. నువ్వు దగ్గుతుంటే నాకు ముద్దే దిగటం లేదే, పిచ్చిగుంటా!"