బెల్లం అనే మాట

నా పేరు కరుణ. తండ్రి రాజరత్నం. వయసు 44 సంవత్సరాలు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివాను. నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతాను. 14-12-2024 సాయంత్రం ఐదు గంటలకు ఆసుపత్రిలో కానిస్టేబుల్ గారికి ఒకసారి వాంగ్మూలం ఇచ్చాను. అందులో ఒక మాట అబద్ధం. అది సరిచేయడానికి ఈ రోజు, 19వ తేదీ ఉదయం పదకొండు గంటలకు, ఎవరూ పిలవకుండా నేనే ఆళ్లగడ్డ స్టేషన్‌కు వచ్చి ఎస్.ఐ. గారి ముందు చెబుతున్నాను.

డిసెంబరు 14, 15 తేదీల్లో ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఒక మామిడి తోపు బాడుగకు తీసుకుని, అడవిలో ప్రథమ చికిత్స మీద శిక్షణ పెట్టాను. నేర్పేది జకరయ్య గారు. సైన్యంలో వైద్య సహాయకుడిగా చేసి రిటైరయ్యారు. ఫీజు ఐదు వేలు పెట్టమన్నారు. నంద్యాలలో అంత ఎవరిస్తారని నాలుగున్నర వేలే పెట్టాను. పదహారు మంది వస్తారనుకుంటే పద్నాలుగు మంది వచ్చారు. ఆయన చెప్పిన లెక్కకు పదిహేడు వేలు తగ్గింది.

ఏది తగ్గించాలా అని రెండు రోజులు లెక్క వేశాను. ఆపదకు ఉంటుందని ఊరికే నిలబడే జీపుకు ఏడు వేలు ఎందుకన్నాను. "నా దుడ్లు ఐదు వేలు తగ్గించుకో తల్లీ. జీపు మాత్రం ఆడ నిలబడాల్సిందే" అన్నారు జకరయ్య గారు. జీపు ఉంచాను.

దెబ్బలు తగిలినట్టు నటించడానికి పక్క ఊరి నుంచి నలుగురు ఆడవాళ్లను మాట్లాడాను. మనిషికి రోజుకు నాలుగు వందలు. ఎనిమిదిన్నరకు బదులు పది గంటలకు రమ్మంటే సగం కూలి చాలు. రెండు రోజులకు పదహారు వందలు మిగులుతాయి. అలాగే చేశాను. భోజనాల లెక్కలోనూ వాళ్లను వేయలేదు, సద్ది తెచ్చుకోమన్నాను. నా పుస్తకంలో వాళ్ల కూలి 'చిల్లర ఖర్చులు' కింద, అరటిపళ్లకూ చార్టు కాగితాలకూ మధ్య ఉంది. ఆ పుస్తకం తెచ్చాను.

14న ఎనిమిదిన్నరకు జకరయ్య గారు జాగ్రత్తలు చెప్పారు. "నటించేవాళ్లు నిజంగా నొప్పి అని కూడా ఏడుస్తారు. నమ్మొద్దండి, పని ఆపొద్దండి. నిజంగానే ఏమన్నా అయితే 'బెల్లం' అనాల. నొప్పితో అరిచేటోడు ఎవుడూ బెల్లం అనడు గదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నా వైపు తిరిగి, "ఆ ఆడోళ్లకు ఈ మాట చెప్పినావామ్మా?" అని అడిగారు. వస్తూనే చెబుతానన్నాను.

పది గంటలకు వాళ్లు ఆటో దిగారు. అప్పుడు నేను సురేష్ అనే అతని దగ్గర ఫీజు బాకీ ఐదు వందలు వసూలు చేస్తున్నాను. వాళ్లకు ఆ మాట చెప్పలేదు. మరిచిపోయానా, మళ్లీ మొదటి నుంచి చెప్పడానికి బద్ధకించానా అంటే, ఎంత ఆలోచించినా నాకే తెలియడం లేదు.

వాళ్లలో లింగమ్మకు 58 ఏళ్లు. కాలు విరిగినట్టు నటించాలి. కాలికి ఎర్రరంగు పూసి, వంక పక్కన ఎండుటాకుల్లో పడుకోబెట్టాం. 11.35కు సురేష్, ఇంకో ముగ్గురు దగ్గరికి పోయారు. నేను గడియారం పట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడ్డాను.

11.40కి లింగమ్మ అరిచింది. "అమ్మా, ఏందో కర్సింది!"

"అవ్వా, నీది కాలిరిగిన వేషం గదా, మార్చినావే!" అన్నాడు సురేష్. అందరూ నవ్వారు.

"నిజ్జంగా కర్సిందప్పా. నీ కాళ్లకు మొక్కుతా."

"శానా బాగా చేస్తాండావ్. నీకు సినిమాలో వేషం గ్యారంటీ."

తర్వాత ఆమె నా వైపు చూసింది. "తల్లీ, నువ్వన్నా చెప్పు. నిజం." నేను, "ఇంకొంచెం సేపే, లింగమ్మా" అన్నాను. ఆమె నిజం, నిజం అంటూనే ఉంది. వాళ్లు కట్టె పెట్టి కట్టు కడుతూనే ఉన్నారు. 12.15కు జకరయ్య గారు వచ్చి, కట్టు విప్పి చూసి, "ఇది రంగు గాదు!" అని కేక పెట్టారు. జీపు రెండు వందల అడుగుల దూరంలో ఉంది. ముప్పై ఐదు నిమిషాలూ అక్కడే ఉంది.

కరిచింది రక్తపింజరి అని డాక్టర్లు చెప్పారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇప్పటికి రెండుసార్లు డయాలసిస్ చేశారు. ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పలేమంటున్నారు.

అందరికీ బెల్లం మాట ముందే చెప్పామని ఆ సాయంత్రం కానిస్టేబుల్ గారికి చెప్పాను. లింగమ్మ కొడుకు మద్దిలేటి బేతంచెర్లలో బండల పాలిష్ పనికి పోతాడు. వైద్యం ఖర్చు నేనే పెట్టాలని ఫిర్యాదు ఇచ్చాడు. "మాయమ్మకు ఎవురూ ఏమీ చెప్పలేదు" అని అందులో ఉంది.

17న మధ్యాహ్నం మూడు గంటలకు, మద్దిలేటి మందులకు పోయిన సమయం చూసుకుని ఆసుపత్రికి పోయాను. 'హెచ్చరిక మాట నాకు ముందే తెలిపారు' అని 14వ తేదీ వేసి రాసిన కాగితం, ఇంకు డబ్బీ నా సంచిలో ఉన్నాయి. ఏం కాగితమని లింగమ్మ అడగలేదు. "యాడ ఎయ్యాల తల్లీ?" అంది. వేలు పట్టి వేయించాను. ఆ ఇంకు తలకు తుడుచుకుని ఇలా అంది:

"ఆ పొద్దు జీపులో మీ సారు, బెల్లం అని ఎందుకు అనలేదమ్మా అని ఒగటే అడుగుతాండె. బెల్లం తింటే ఇసం దిగుతాదా? నా సద్దిమూటలో ఉన్నింది గదా, అడిగింటే ఇస్తాంటి."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

ఆ కాగితం ఇప్పుడు మీ బల్ల మీద పెడుతున్నాను. దాని మీది వేలిముద్ర లింగమ్మదే. రాత నాది, తేదీ అబద్ధం. మద్దిలేటి చెప్పింది సరైనది.

ఇది ఎవరి బలవంతం లేకుండా చెప్పాను. చదివి చూసుకున్నాను. చివర 'నిజం' అని రాసి సంతకం చేయమన్నారు. లింగమ్మ ఎన్నిసార్లు అన్నా నేను వినని మాట అది. నా మాటగా ఇక్కడ ఒక్కసారి రాస్తున్నాను.

నిజం.

(సంతకం)
కరుణ