వంటింటి టైం

"అత్తమ్మా, ఎప్పుడు చూసినా నీ చేతికి గిదే గడియారం. దీని ముచ్చట ఏంది?"

ఏందంటే, దీన్ని చూసి నేనొకసారి ఇరవై ఎనిమిది మంది పిల్లల దగ్గరికెళ్ళి పరీక్ష పేపర్లు పది నిమిషాలు ముందే గుంజుకున్న. గదీ ముచ్చట.

మీ తాత కొనిచ్చిండు, నా డిగ్రీ అయినంక. మూడు వందల ఎనభై. కాదు, బెల్టుతోటి కలిపి నాలుగు వందలు. పోచంపల్లిల మగ్గం మీద ఒక చీర దించితే అప్పట్ల ఎంత మిగులుతుండెనో నీకు తెల్వదు. తనకు సైకిల్ కూడ కొనలేదని మీ నాయన నాతోటి వారం రోజులు మాట్లాడలే. అడుగు కావాలంటే.

దీనికి బ్యాటరీ లేదు. పొద్దున ఛాయ్ పొయ్యి మీద పెట్టి కీ ఇస్తా, మల్ల తెల్లారేదాక నడుస్తది. నాలుగేండ్లకొకసారి మలక్‌పేటల ఒక చాచా దగ్గర సాఫ్ చేయిస్తుంటి. ఆయన పోయినంక ఆయన బిడ్డ చేస్తున్నది, ఆయనకంటే మంచిగ.

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌ల మా కాలేజీల ప్రీఫైనల్, లెక్కల పేపరు. ముందటి రోజు మా అత్తకు జ్వరముండె. దవాఖాన చుట్టు తిరిగి తిరిగి కీ ఇచ్చుడే మర్చిపోయిన. తెల్లారి చూస్తే ఆగి ఉంది. వంటింట్ల గోడ గడియారం చూసి ముల్లు తిప్పుకున్న, ఉరికిన.

ఆ గోడ గడియారమేమో పది నిమిషాలు ముందు. మీ మామయ్య పెట్టిండు, ఎల్‌బీ నగర్‌ల ఏడున్నర బస్సు దొరకాలని. ఇంట్ల అందరం దాన్ని చూసి పది తీసేసుకునేటోళ్ళం. చుట్టాలెవరన్న "అప్పుడే ఎనిమిదైందా" అంటే, "కాలే, అది వంటింటి టైం" అనేది మా అత్త. ఏండ్ల అలవాటు. ఆ పొద్దు నేను పది తీసేయలే.

మొదటి బెల్లు కొట్టినప్పుడు పేపర్లు పంచే తొందరల చెయ్యి చూసుకోలే. ఆఖరుకు నా గడియారంల టైం అయింది, బెల్లు కొట్టలే. అటెండరు ఛాయ్‌కి పోయుంటడు అనుకున్న. చూడు, బెల్లు కొట్టేటోని మీద అనుమానమొచ్చింది గానీ నా చేతి మీద రాలే.

మూడో బెంచిల ఒక పిల్ల, తుర్కయంజాల్‌ నుంచి వచ్చేది. "మేడం, ఇంక టైముంది మేడం" అన్నది. గట్ల అందరంటరు గదా. "నా గడియారం నీకంటే పెద్దది, ఇయ్యి" అన్న. ఆ పిల్ల ఇడ్వలే. గుంజిన. పేజీ కొస జర చినిగింది.

కట్ట పట్టుకుని వరండాలకొస్తే పక్క గదిల ఇంక రాస్తనే ఉన్నరు. దాని పక్క గదిల కూడ. అప్పుడు యాదికొచ్చింది వంటిల్లు.

పక్క గది సారు, విజయవాడాయన, గుమ్మంలకొచ్చి అడిగితే చెప్పిన. "పోనీండి మేడం, ప్రీఫైనలే కదండీ, ఎవరికి తెలుస్తుంది" అన్నరు. ఒక్క నిమిషం నాకు కూడ నిజమే అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలె. కట్ట దిక్కు చూస్తే పైననే ఉంది ఆ చినిగిన కొస.

లోపలికి పోయిన. "తప్పు నాది. టైం తప్పు పెట్టుకున్న. కూసోండ్రి, పది నిమిషాలు రాయుండ్రి" అన్న. వెనక బెంచి పోరడొకడు, "నాకొద్దు మేడం, నాకు రానిది పది నిమిషాలల్ల రాదు" అన్నడు. అందరు నవ్విండ్రు. ఆ పిల్ల నవ్వలే, తల దించి రాసుకుంట పోయింది.

రెండుసార్లు తప్పిందట లెక్కల్ల. ఈసారి తప్పితే చదువు బంద్ అని ఇంట్ల చెప్పిండ్రట. నాకు తర్వాత తెలిసింది. పేపరు దిద్దింది నేనే. ఆఖరు లెక్క ఆ పది నిమిషాలల్లనే చేసింది, అది లేకుంటే పాసయ్యేది కాదు. నేనేదో మేలు చేసిన అనుకోకు. మేలు ఆ పిల్లదే, గట్టిగ పట్టుకుంది పేపరు. మెత్తగ ఇచ్చేసి ఉంటే నేను సారు మాట వినేదాన్నే.

ఇంటికొచ్చి గోడ గడియారం సరిచేసిన. మీ మామయ్య రెండు రోజులు బస్సు తప్పిపోయి గొణిగిండు, మూడోరోజు పది నిమిషాలు ముందు లేచిండు. అందరు చేతికి కొత్తది కొనుక్కో అన్నరు. ఇప్పుడు నువ్వు కూడ ఫోనుకు కలిసే వాచీ తెస్తా అంటున్నవు. నీ మనసు మంచిది, సల్లగుండు బిడ్డా. కానీ ఇది నాకేం తప్పు చెప్పలే, నేను పెట్టిన టైమే చెప్పింది. ఇన్నేండ్లు అన్నం పెట్టిన కొలువుకు దీన్నే చూసుకుంట పోయిన, ఇంకోటి ఎందుకు?

ఒక్కటి మాత్రం మార్చిన. పరీక్ష హాల్లకు పోంగనే దీన్ని విప్పి, మొదటి బెంచి మీద పిల్లల దిక్కు తిప్పి పెడతా. అరగంటకొకసారి ఆ బెంచిల ఉన్నోళ్ళు టైం పైకి చదువుతరు, నేను బోర్డు మీద రాస్తా. ఎవరన్న "ఇంక టైముంది మేడం" అంటే, పోయి వాళ్ళ దిక్కు నిలబడి గడియారం చూస్తా. నిన్న కూడ ఒక పిల్ల అన్నది, పోయి చూసిన.

రెండు నిమిషాలుండె.